జల్లెడ గొట్టం దించే వేళే గండం

అమలాపురం: కోనసీమలో ఫిల్టరు పాయింటు వేయించిన రైతుకు ఇసుక బాధ చెప్పనక్కరలేదు. జల్లెడ సరిగా లేకుంటే నీటితోపాటు ఇసుక వచ్చి పంపు పాడవుతుంది. చమురు బావిదీ అదే చిక్కు. గట్టిపడని ఇసుకరాతి పొరల నుంచి కొట్టుకొచ్చే రేణువులు గొట్టాలను, వాల్వులను అరగదీసి, చివరకు బావినే పూడ్చేస్తాయి. బంగాళాఖాతంలోని కేజీ-డీ6 క్షేత్రంలో 2009లో ఉత్పత్తి ప్రారంభమైన గ్యాస్‌ బావులు కొన్ని నీరు, ఇసుక చేరడంతో తర్వాతి ఏళ్లలో మూతపడ్డాయి.

దీనికి విరుగుడుగా బావి అడుగున స్క్రీన్లు, అంటే జల్లెడ గొట్టాలు అమరుస్తారు. నిలువు బావిలో గొట్టం తన బరువుతోనే దిగుతుంది. లోతుకు వెళ్లి అడ్డంగా తిరిగే బావిలో వందల మీటర్ల దూరం దానిని నెట్టాలి. నేలను రాసుకుంటూ పోయే జల్లెడ మెలితిప్పుళ్లకు తట్టుకోలేదు. అందుకే ముందుగా బావిని శుభ్రం చేసి, వడపోసిన ద్రవం నింపుతారు. ఎంత బలంతో నెట్టవచ్చో లెక్కగట్టుకుంటారు. ఆ హద్దు దాటితే మొండిగా తోయడం కన్నా వెనక్కి లాగడమే మేలు.

అసలు ప్రమాదం వేరే ఉంది. బావి నోటికి బిగించే బ్లోఅవుట్‌ ప్రివెంటరు మామూలు గొట్టాన్ని చుట్టూ పట్టి గ్యాస్‌ను ఆపుతుంది. దాని మధ్యలో జల్లెడ ఉంటే మూసినా ప్రయోజనం లేదు. గ్యాస్‌ రంధ్రాల్లోంచి గొట్టంలోకి దూరి పైకి తన్నుకొస్తుంది. 1995 జనవరిలో పాశర్లపూడి వద్ద తవ్వకం దశలోనే బావి అదుపు తప్పింది. ఆ మంటలు ఆర్పడానికి రెండు నెలలకు పైగా పట్టిందని ఇక్కడివారికి గుర్తే.

కాబట్టి జల్లెడ దించుతున్నంతసేపూ రంధ్రాల్లేని గొట్టం ఒకటి, పైన వాల్వు బిగించి, రిగ్గుపై సిద్ధంగా ఉంచుతారు. బావి పొంగితే దానిని జల్లెడకు తగిలించి కిందికి దించి, ప్రివెంటరును దాని చుట్టూ మూస్తారు. మరలు సరిపోతాయో లేదో పని మొదలుకాకముందే చూసుకోవాలి. సిబ్బందితో ఒకసారి చేయించి చూడటమూ అవసరమే.

వేగమూ ముఖ్యమే. తొందరగా దించితే బావిలోని బరువైన ద్రవం పొరల్లోకి తోసుకుపోయి మట్టం పడిపోతుంది. ఒత్తిడి తగ్గగానే గ్యాస్‌ లోపలికి చొరబడుతుంది. వేగంగా పైకి లాగినా అదే జరుగుతుంది. దిగిన ప్రతి గొట్టానికీ ఎంత ద్రవం బయటికి వచ్చిందో ట్యాంకులో కొలిచి రాసుకుంటారు. లెక్క తప్పితే పని ఆపి, బావి నిలకడగా ఉందని తేలాకే మరో గొట్టం ఎత్తుతారు.