పిశాచశిరస్సు

అమెరికా దేశమున బొమ్మల కథలని యొక వాఙ్మయము కలదు. చదరపు గడులలో చిత్రములు గీసి, ఆ చిత్రములలోని వ్యక్తుల నోటినుండి బుడగలవలె వెలువడు మాటలతో కథ నడపుట దాని పద్ధతి. పిల్లలే కాక పెద్దలును దానిని శ్రద్ధతో చదువుచున్నారు. ఆ కథలలోని యొక ప్రతినాయకుని పేరును గురించి ఇప్పుడు కొంత ముచ్చటింపదలచినాను. అతని పేరు రాస్ అల్ గూల్. కథకంటె ఆ పేరు పాతది. ఆ పేరుకంటె దాని వెనుకనున్న బొమ్మ మరియును పాతది.

ముందుగా కథ. బ్యాట్‌మన్ అను వీరుని బాబ్ కేన్ అను చిత్రకారుడును, బిల్ ఫింగర్ అను రచయితయు 1939లో సృష్టించిరి. ఈ వీరునకు వరములు లేవు, మంత్రములు లేవు. కన్నులయెదుట తల్లిదండ్రులు హతులు కాగా చూచిన బాలుడు పెద్దవాడై, దేహమును బుద్ధిని సాధనచేత పదునుపెట్టుకొని, గబ్బిలపు వేషము ధరించి రాత్రులందు నేరగాండ్రను పట్టుచుండును. ముప్పదేండ్లపాటు అతనికి దొరకిన శత్రువులలో పలువురు పగటివేషగాండ్రవంటివారు: ఒకడు తెల్లముఖముతో నవ్వుచుండును, ఒకడు గొడుగు పట్టుకొని తిరుగుచుండును. వీరికి తోడుగా, అతనితో అన్నివిధముల సరితూగువాడొకడు కావలసివచ్చెను. 1971 జూన్ నాటి ‘బ్యాట్‌మన్’ 232వ సంచికలో అతడు ప్రవేశించెను. కథ వ్రాసినవారు డెనిస్ ఓనీల్, బొమ్మలు వేసినవారు నీల్ ఆడమ్స్, సంపాదకులు జూలియస్ ష్వార్ట్స్.

బ్యాట్‌మన్ శిష్యుడైన రాబిన్‌ను ఎవరో యెత్తుకొనిపోయిరి. అంతలో నొక పెద్దమనిషి, ఎవ్వరును ఎరుగని రహస్యగుహలోనికి తానై వచ్చి, తన కూతురు తాలియాను కూడ ఆ దొంగలే పట్టుకొనిపోయిరనియు, కలిసి వెదకుదమనియు చెప్పును. ఇద్దరును కలకత్తా చేరి, అచటనుండి హిమాలయములకు పోవుదురు. తుదకు తేలినదేమన, ఇదంతయు ఆ పెద్దమనిషి పన్నిన నాటకమే! తన కూతునకు తగిన వరుడు, తన సామ్రాజ్యమునకు తగిన వారసుడు ఇతడా కాదా అని పరీక్షించుట కింత చేసెను. స్వయంవరమున మత్స్యయంత్రము కట్టిన మామలను మన మెరుగుదుము; కాని పెండ్లికొడుకును పిలువక, అతని శిష్యుని దొంగిలించి పరీక్షపెట్టిన మామ ఇతడొక్కడే కాబోలు.

ఇతడు సాము గరిడీలలో ఆరితేరినవాడు. వందలయేండ్లు బ్రతికినవాడగుటచే కత్తియుద్ధమును ముష్టియుద్ధమును నేర్చుటకు అతనికి కావలసినంత కాలము చిక్కినది. 1972లో 244వ సంచికయందు ఎడారినడుమ ఇతడును బ్యాట్‌మన్‌ను చొక్కాలు విడిచి కత్తులు దూసి ద్వంద్వయుద్ధము చేయుదురు. ఆ పోరులో బ్యాట్‌మన్‌ను తేలు కుట్టును. తాలియా రహస్యముగా ఇచ్చిన మందు అతనిని బ్రతికించును. ఇట్టి శత్రువునకు కావలసినది ధనము కాదు. మనుష్యులు భూమిని పాడుచేయుచున్నారు గనుక వారిలో అధికసంఖ్యాకులను రూపుమాపినగాని ప్రకృతి బాగుపడదని అతని నమ్మకము. వ్యాధిని సరిగా కనుగొని రోగిని చంపబూనిన వైద్యుడని చెప్పవచ్చును. అతడు నిజముగా ఒకప్పుడు వైద్యుడేయని 1992లో వెలువడిన కథ చెప్పుచున్నది.

చచ్చి బ్రతుకుట ఇతని ముఖ్యలక్షణము. కొన్నిచోట్ల భూమిలో కుతకుత నుడుకు రసాయనపు గుంటలు కలవట. ముసలితనము మీరినప్పుడు గాని, ప్రాణము పోయినప్పుడు గాని అందు మునిగినచో యౌవనము వచ్చును. పైకి లేచిన కొంతసేపు మతి చలించియుండును. ఆ గుంటకు లాజరస్ గుంట యని పేరు. క్రైస్తవుల యోహాను సువార్తలో ఏసు సమాధినుండి లేపిన మనుష్యుడు ఈ లాజరస్.

ఇక అతని పేరు. దానిని సూచించినవారు సంపాదకులు ష్వార్ట్స్ గారేయని ఓనీల్ చెప్పియున్నారు. ష్వార్ట్స్ బాల్యమునుండి శాస్త్రీయ కల్పనాకథలలో మునిగి తేలినవారు. 1932లోనే అట్టి కథల అభిమానులకొక చిన్నపత్రిక నడపినవారు. నక్షత్రముల పేర్లు అట్టివానికి కొత్తవి కావు.

అరబ్బీలో ‘రాస్’ అనగా తల. పెద్ద యనియు అర్థమే. ఉర్దూ తెలిసినవారు వాడు ‘రయీసు’ అను మాట ఈ ధాతువునుండియే పుట్టినది. ‘అల్’ అనునది నామమునకు ముందు చేరు ఉపపదము. ‘గూల్’ అనగా ఎడారి దయ్యము. మొత్తమునకు ‘పిశాచశిరస్సు’, కావలెనన్న ‘పిశాచములకు పెద్ద’ అనియు అర్థము చెప్పవచ్చును. కథకులు ఈ రెండర్థములను వాడుకొనిరి. అయితే ఇది మనుష్యుని కొరకు కల్పించిన పేరు కాదు. ఆకాశమున నొక చుక్కకు వేయేండ్లకు పైగా ఉన్న పేరు. యూరపువారు దానినే నలిపి ‘అల్గాల్’ అనుచున్నారు.

రోహిణిని అల్డెబరాన్ అనియు, ఆర్ద్రను బెటెల్గూస్ అనియు ఇంగ్లీషువారు పిలుచుట వినియుందురు. అవియు అరబ్బీ మాటలే. ఈ పేర్లలో కొన్ని అరబ్బులు తమ ఎడారిలో పెట్టుకొన్నవి, కొన్ని గ్రీకు గ్రంథములనుండి తర్జుమా చేసికొన్నవి. మన చుక్క రెండవ జాతిది. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున అలెగ్జాండ్రియాలోని టాలెమీ తన నక్షత్రపట్టికలో దీనిని గార్గన్ శిరస్సునందలి ప్రకాశవంతమైన తార యని వ్రాసెను. గార్గన్ అనగా మెడూసా: జుట్టుకు బదులు పాములు, చూచినవారు రాయి అగుదురు. పెర్సియస్ అను వీరుడు ఆమెను నేరుగా చూడక, డాలులో ప్రతిబింబమును చూచుచు తల నరికెను. తెగిన పిదపకూడ ఆ తలకు చూపుశక్తి పోలేదు. గ్రీకులు పెర్సియస్‌ను నక్షత్రమండలముగా నిలిపి, అతని చేతిలో ఆ తలను పెట్టిరి.

బాగ్దాదు పండితులు తొమ్మిదవ శతాబ్దమున టాలెమీ గ్రంథమును అరబ్బీలోనికి తెచ్చిరి. గార్గన్ అనిన అరబ్బు చదువరి కేమి తెలియును? అతనికి తెలిసిన భయంకరరూపము గూల్. కావున మెడూసా తల గూల్ తల అయ్యెను. 964 ప్రాంతమున అల్ సూఫీ రచించిన స్థిరనక్షత్రముల గ్రంథములో పెర్సియస్ మండలమునకు ‘గూల్ తలను మోయువాడు’ అనియే పేరు. పిమ్మట 1175లో టోలెడోయందు క్రెమోనా జెరార్డు టాలెమీ గ్రంథమును అరబ్బీనుండి లాటినులోనికి మార్చెను. అనగా యూరపునుండి పోయిన బొమ్మ అరబ్బీ పేరు తగిలించుకొని మరల యూరపు చేరినది.

నాకు ముఖ్యముగా తోచిన సంగతి ఇదియే. తూర్పుదేశపు గుట్టుతోను, అరబ్బీ పేరుతోను దుష్టుని సృష్టించుట పాశ్చాత్య కథకులకు పాత అలవాటు. 1913లో సాక్స్ రోమర్ ప్రచురించిన నవలలోని ఫూ మాంచూ అను చీనా దుష్టుడు ఈ వరుసకు పితామహుడనదగినవాడు. రాస్ అల్ గూల్ అతనికంటె ఉన్నతముగా చిత్రింపబడినవాడే, గౌరవము గలవాడే. అయినను ‘అరబ్బీ పేరు వినగానే భయపడుము’ అని పిల్లలకు నేర్పుట అతనివలన కూడ కొంత జరిగినది. ఆ పేరు మోయుచున్న తల మాత్రము గ్రీకుల మెడూసాది.

గూల్‌ను గూర్చియు నొక మాట. అరబ్బుల పాతకథలలో ఇది శవములు తినునది కాదు. రూపములు మార్చి, రాత్రులందు మంటలు చూపి, బాటసారులను త్రోవ తప్పించునది. మన కొరవిదయ్యమునకు చుట్టము. శవములు తిను గూల్ మనకు తెలిసినది ముఖ్యముగా గాలన్ దొర ఫ్రెంచిలోనికి తెచ్చిన అరేబియా రాత్రుల కథలవలనను, ఇంగ్లండున బెక్‌ఫర్డ్ వ్రాసి 1786లో వెలువడిన ‘వథెక్’ వలనను. మరియొక విశేషము: గూల్‌ను ఒక్క దెబ్బతో చంపవలెనట, రెండవ దెబ్బ తగిలినచో తిరిగి బ్రతుకునట! ఎన్నిసార్లు చంపినను లేచి వచ్చు మన ప్రతినాయకునకు ఇంతకంటె తగిన పూర్వికుడు దొరకడు.

చుక్కయు అట్టిదే. రెండు దినముల ఇరువది గంటల నలువదితొమ్మిది నిమిషముల కొకసారి అల్గాల్ మసకబారి, సుమారు మూడవవంతు వెలుగునకు దిగి, తిరిగి ప్రకాశించును. తగ్గుటకు ఐదు గంటలు, పెరుగుటకు ఐదు గంటలు. 1782 నవంబరులో ఇంగ్లండునందలి యార్కు పట్టణమున జాన్ గుడ్రిక్ అను పదునెనిమిదేండ్ల చెవిటి యువకుడు దీనిని పరిశీలింపనారంభించి, మరునాడు సంవత్సరమున కాలక్రమమును లెక్కకట్టి, చీకటి గోళమొకటి అడ్డువచ్చుటయే కారణము కావచ్చునని సూచించెను. అది గ్రహణమేయని 1889లో ఫోగెల్ అను జర్మను పండితుడు వర్ణపటముచే స్థిరపరచెను. తల తెగియు చావని రాహువును, గ్రహణమును జోడించి కథ చెప్పుకొన్న మనకు, తెగిన తల యని పేరుగల చుక్కకే గ్రహణము పట్టుట విచిత్రముగా తోచకపోదు. వెలుగు మారుటచేతనే దానికి పిశాచమను పేరు వచ్చినదని కొందరందురు. గ్రీకు బొమ్మ ఎదుట నుండగా ఆ ఊహ అక్కరలేదు. చూడగోరువారు మార్గశిరమాసపు రాత్రి కృత్తికలు నడినెత్తికి వచ్చినప్పుడు, వానికి వాయవ్యమున వెదకవలెను.

ఇక ఉచ్చారణము. 1990 తరువాతి దశకమున టెలివిజనులో వచ్చిన బొమ్మల చిత్రములో ‘రేష్’ అనిరి. 2005లో క్రిస్టఫర్ నోలన్ తీసిన ‘బ్యాట్‌మన్ బిగిన్స్’ అను సినిమాలో ‘రాస్’ అనిరి. హీబ్రూ అక్షరమాలలో ర కారమునకు ‘రేష్’ అని పేరు, దానికిని తల యనియే అర్థము. కావున మొదటి ఉచ్చారణమునకు చుట్టరికము లేకపోలేదు. కాని అరబ్బీలో ఇచట ష కారము లేదు. ర కారము తరువాత గొంతు ఒక క్షణము బిగబట్టి స కారము పలుకుదురు. ఆ బిగువును చూపుటకే ఇంగ్లీషు అక్షరముల నడుమ నొక కొక్కెపు గుర్తు పెట్టిరి. తెలియనివారు అది షష్ఠీవిభక్తి గుర్తనుకొని, ‘రా’ అనువానికి సంబంధించిన అల్ గూల్ ఎవడో యని చదువుచుందురు.