కిందికి దించే కమాను, పైకి లేపే కమాను

నాగార్జునసాగర్ కుడిగట్టున విజయపురి సౌత్‌కు వచ్చేవాళ్లలో ఎక్కువ మంది నాగార్జునకొండకు లాంచీ ఎక్కే తొందరలో ఉంటారు. వాళ్ల చూపంతా నీళ్ల మీదే. లారీల మధ్య పెరిగినవాడు మాత్రం రోడ్డు వైపు తిరుగుతాడు. మాచర్ల నుంచి నాపరాళ్ల లారీ వస్తుంటే ముందు చూసేది లోడును కాదు, వెనక చక్రాల పక్కనున్న కమాన్ కట్టను. ఖాళీ బండికి అది అరటిపండులా వంగి ఉంటుంది. బరువు పడేకొద్దీ చదునవుతుంది. ఇంకా పడితే వంపు అటు తిరుగుతుంది. తూకం రాళ్లతో పని లేకుండా బండి మీద ఎంత మోత ఉందో అది చెప్పేస్తుంది.

కమాన్ అంటే ఫారసీలో విల్లు. ఉర్దూ మీదుగా మనకొచ్చి, ఊరి ముందు కట్టే ద్వారానికీ, లారీ కింద వంగిన ఉక్కు పట్టీలకూ ఒకే పేరైంది. ఒకదాని మీద ఒకటి పేర్చి, నడుమ సెంటర్ బోల్టుతో బిగించి, యూ బోల్టులతో ఇరుసుకు కట్టిన పట్టీల దొంతర అది. అన్నిటికంటే పొడవైన మెయిన్ పట్టీకి రెండు చివర్లా గుండ్రంగా చుట్టిన చెవులుంటాయి. ఒక చెవి ఛాసిస్‌కు పిన్నుతో నిలుస్తుంది. రెండోది షాకిల్‌కు వేలాడుతుంది. పట్టీ చదునైనప్పుడు పొడవు సాగుతుంది కాబట్టి ఆ షాకిల్ ముందుకూ వెనక్కూ ఊగాలి. జట్కా బండి రోజుల నుంచీ సూత్రం ఇదే. ఇంగ్లండులో ఒబాడియా ఇలియట్ గుర్రపు బండికి ఇలాంటి స్ప్రింగు పేటెంటు తీసుకుని రెండు వందల ఏళ్లు దాటింది.

పల్నాడులో ఈ కట్టకు చేసే మార్పు దాదాపు ఒక్కటే: లేపడం. నాపరాయి ఎక్కువ వేయాలి, సున్నం ఎక్కువ వేయాలి, గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు ఇంకో వరస పేర్చాలి. ఆ ఆశతో ఒక పట్టీ అదనంగా పడుతుంది.

సరిగ్గా ఇదే వస్తువును సరిగ్గా ఇందుకు ఎదురు దిక్కులో మార్చిన కుర్రాళ్లు అమెరికాలో ఉన్నారు.

1930లలో కాలిఫోర్నియాలో పాత ఫోర్డు కారు చవగ్గా దొరికేది. 1908 నుంచి 1927 దాకా ఫోర్డు కంపెనీ కోటీ యాభై లక్షల మోడల్ టీ కార్లు చేసింది. 1932లో సామాన్యుడికి అందే ధరలో ఎనిమిది సిలిండర్ల వీ ఇంజిను తెచ్చింది. కుర్రాళ్లు పాత బండి కొని, మడ్‌గార్డులు పీకేసి, బరువు తగ్గించి, ఇంజినుకు పదును పెట్టి, మురాక్ లాంటి ఎండిన చెరువుల మీద పందేలు వేసేవారు. ఆ బండ్లకే హాట్ రాడ్ అని పేరు నిలిచింది. 1937లో వాళ్ల సంఘం ఏర్పడింది. 1948 జనవరిలో హాట్ రాడ్ పేరుతోనే పత్రిక వచ్చింది.

ఆనాటి ఫోర్డులో చిత్రమేమిటంటే కమాన్ కట్టలు లారీలోలా పొడుగునా ఉండవు. ముందొకటి, వెనకొకటి, రెండూ అడ్డంగా. విల్లును బోర్లించినట్టు నడిమి భాగం ఛాసిస్‌కు, రెండు చివరలు ఇరుసుకు. హెన్రీ ఫోర్డు మొండివాడు, తన కార్లలో 1948 మోడళ్ల దాకా ఈ అమరిక వదల్లేదు. బండిని నేలకు దించాలంటే ఈ విల్లు వంపు తగ్గించాలి. పట్టీలు తీసేస్తారు, లేదా వంపు చదును చేయిస్తారు, లేదా మెయిన్ పట్టీ చెవిని ఎదురు వైపుకు చుట్టిస్తారు. ఒక్క చెవి తిప్పితేనే దగ్గర దగ్గర అంగుళం కిందికొస్తుంది.

చెప్పడానికి సులువే. లెక్కలోకి దిగితేనే తంటా. కట్ట బిరుసుదనం పట్టీల సంఖ్యను బట్టి పెరుగుతుంది. కానీ ఒక్కో పట్టీ మందాన్ని బట్టి ఘనం లెక్కన పెరుగుతుంది. 8 మిల్లీమీటర్ల పట్టీల స్థానంలో అదే సంఖ్యలో 10 మిల్లీమీటర్లవి వేస్తే బిరుసు సుమారు రెట్టింపవుతుంది. వేసినవాడు ‘రెండు మిల్లీమీటర్లేగా’ అనుకుంటాడు. మరోవైపు ఆరు సమానమైన పట్టీల్లో రెండు తీసేస్తే మిగిలిన నాలుగూ ఒక్కోటి ఒకటిన్నర రెట్లు భారం మోయాలి. బండి దిగిందన్న సంబరం మెయిన్ పట్టీ విరిగే దాకానే.

ఖాళీ లారీలో కూర్చుంటే పేగులు ఎందుకు కదులుతాయన్నదీ ఈ లెక్కలోనే ఉంది. బండి బరువుకు స్ప్రింగు 10 సెంటీమీటర్లు అణిగితే, ఆ బండి సెకనుకు ఒకటిన్నర సార్లకు కాస్త ఎక్కువగా ఊగుతుంది. దాదాపు మనిషి నడక వేగం, ఒంటికి పడుతుంది. 4 సెంటీమీటర్లే అణిగితే ఊపు రెండున్నర సార్లవుతుంది. లోడు కోసం బిరుసు చేసిన కట్ట ఖాళీగా ఉన్నప్పుడు అణగదు, గుంటను గుంటగానే డ్రైవరు నడుముకు అందిస్తుంది. అందుకే లారీల్లో హెల్పర్ పట్టీలుంటాయి. బరువు ఒక హద్దు దాటాకే అవి ఆని పనిలోకి వస్తాయి. ఆ తెలివిని తోసిపుచ్చి అడుగు కట్టలోనే పట్టీ కలిపితే పోయేది డ్రైవరు నడుమే.

ఇక దిమ్మ సంగతి. ఇరుసుకూ కట్టకూ మధ్య ఉక్కు దిమ్మ పెట్టి, యూ బోల్టులు పొడవువి వేస్తే ఎత్తు మారుతుంది. కార్లలో చాలావాటికి వెనక ఇరుసు కట్ట మీద ఉంటుంది, కాబట్టి దిమ్మ బండిని దించుతుంది. లారీకి కట్ట ఇరుసు మీద ఉంటుంది, అదే దిమ్మ అక్కడ లేపుతుంది. పాత విల్లీస్ జీపుకు కట్ట ఇరుసు కిందే. దాన్ని పైకి మార్చి కట్టి జీపును ఒక్కసారిగా ఎత్తు చేసేవాళ్లు దేశమంతటా ఉన్నారు. ఎత్తు చూడ్డానికి దర్జాగానే ఉంటుంది. కానీ ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారుతుంది, స్టీరింగు రాడ్డు కోణం మారుతుంది, గుంట దాటినప్పుడల్లా స్టీరింగు తనంతట తాను పక్కకు లాగుతుంది. గట్టిగా యాక్సిలరేటరు తొక్కితే ఇరుసు మెలి తిరిగి కట్ట ‘ఎస్’ ఆకారంలో వంకర పోతుంది.

అన్నిటికంటే చెడ్డ పని గ్యాస్ మంటతో వంపు దించడం. ఈ ఉక్కును సుమారు 850 డిగ్రీలు దాటించి, నూనెలో ముంచి, మళ్లీ 450 డిగ్రీల ప్రాంతంలో కాల్చి పదును పట్టిస్తారు. వంగి మళ్లీ లేచే గుణం ఆ కాల్పులోనిదే. ఒక చోట మంట తగిలిస్తే ఆ చోట పదును చచ్చిపోతుంది. పట్టీ అక్కడే కూలబడుతుంది. పనితెలిసినవాడు చల్లగానే, ప్రెస్సు కింద కొంచెం కొంచెంగా వంచుతాడు. సెంటర్ బోల్టు విప్పేటప్పుడు క్లాంపు బిగించకుండా చెయ్యి పెట్టడు, దొంతరలో అణిగిన బలం పట్టీలను ఎగరగొడుతుంది.

కార్ల మీద ఇలాంటి పిచ్చి మనవాళ్లకూ లేకపోలేదు. హైదరాబాదులో జూ పార్కు దగ్గరి సుధా కార్స్ మ్యూజియంలో కన్యబోయిన సుధాకర్ చేతితో చేసిన వింత బండ్లు వరసగా ఉంటాయి. ఆయన కట్టిన మూడు చక్రాల సైకిలు 2005లో ప్రపంచంలోకెల్లా పెద్దదిగా గిన్నిస్‌కెక్కింది. ప్రదర్శన వేరు, రోడ్డు వేరు. రోడ్డు మీద మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడ్డుపడుతుంది: కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అదనపు పట్టీ వేసినంత మాత్రాన లోడు పరిమితి కూడా పెరగదు. 2018లో కేంద్రం రెండు ఇరుసుల లారీ మొత్తం బరువును 16.2 నుంచి 18.5 టన్నులకు పెంచింది. పట్టీలు ఎన్ని పేర్చినా జరిమానా రసీదు రాసేది ఆ అంకె చూసే.

విరిగిన మెయిన్ పట్టీ మాత్రం ఎక్కడా వృథా పోదు. మన ఊళ్లలో కమ్మరి దాన్ని అడిగి మరీ తీసుకుంటాడు. కమాన్ కట్ట ఉక్కు అంటే కత్తికీ కొడవలికీ పేరున్న సరుకు. మెకానిక్కు తగలనివ్వని మంటలోకే కమ్మరి దాన్ని తోస్తాడు. ఎర్రగా కాగాక సుత్తి దెబ్బకు ఆ విల్లు వంపు పూర్తిగా పోతుంది. తర్వాత అంచు ఒక్కటే నీళ్లలో ముంచి తీస్తే, సుయ్‌మని చప్పుడు.