మార్గళి నెలలో గానా: క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ వేదిక ఎందుకు ముఖ్యం?

చెన్నైలో మార్గళి అంటే సభల నెల. డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్య దాకా మైలాపూర్, టి.నగర్ సభల్లో కర్ణాటక కచేరీలు సాగుతాయి. అక్కడ వినిపించే కీర్తనల్లో చాలా భాగం తెలుగువే. అదే నగరంలో వీధులు ఊడ్చే, కాలువలు ఎత్తే కార్మికుల్లోనూ చాలామంది తెలుగు మాట్లాడే దళితులే. వాళ్ల బతుకు మాత్రం ఆ సభల్లో వినిపించదు.

2018 జనవరి 6న, ఆ మార్గళి నెలలోనే, కీల్పాక్‌లో 19 మంది వేదికెక్కి ఉత్తర చెన్నై గానా పాడారు. ఆ బృందమే ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్. సినీ దర్శకుడు పా. రంజిత్ స్థాపించిన నీలం సాంస్కృతిక కేంద్రం, సంగీతకారుడు తెన్మా కలిసి దాన్ని కట్టారు. కులం లేని తమిళులు అన్న అయోతీదాస పండితర్ భావన నుంచే ఆ పేరు వచ్చింది.

గానా పులియంతోపు, వ్యాసర్‌పాడి లాంటి దళిత కార్మిక పేటల పాట. మిల్లులు, రేవు, రైల్వే పనుల చుట్టూ పెరిగిన ప్రాంతమది. చావింట్లో రాత్రంతా గానా పాడతారు. వాయిద్యం లేకపోతే బల్ల మీదో, బిందె మీదో దరువేస్తారు. కలెక్టివ్ ఈ పాటకు పఱై, గిటార్, డ్రమ్స్, ర్యాప్ జోడించింది. గానా పాటగాడు ఎదుటివాళ్లను చూసి చరణం సాగదీస్తాడు. బ్యాండుకేమో ఎక్కడ ఆగాలో ముందే తెలియాలి. ఇద్దరూ ఒకరికొకరు చోటిస్తేనే పాట నిలబడుతుంది. రిజర్వేషన్లు, గొడ్డుమాంసం, పరువు హత్యలు వాళ్ల పాటలకు వస్తువులు. మగవాళ్లదే అనుకున్న గానాను ఇసైవాణి పాడింది. 2020లో బీబీసీ 100 మంది మహిళల జాబితాలో ఆమె పేరుంది.

పఱైని వదిలేయాలా, గర్వంగా కొట్టాలా అన్నది తమిళ దళితుల్లో పాత చర్చ. మన డప్పు మీదా అదే చర్చ ఉంది. ఊరి చావుకు కబురొస్తే పోయి కొట్టడం వెట్టి. రానని చెప్పే హక్కు ఆ మనిషికి లేదు. వేదిక మీద ఏం పాడాలో, ఎంత తీసుకోవాలో కళాకారులే తేల్చుకోగలరు. వాయిద్యం మారలేదు, కొట్టే మనిషి స్థానం మారింది. అయితే ఒక్క కచేరీతో ఊరి వెట్టి పోదు. అందుకే ఇలాంటి వేదికలు ఏటా కావాలి. నీలం 2020 డిసెంబరులో 'మార్గళియిల్ మక్కళిసై' పేరుతో జానపద, గానా కళాకారుల ఉత్సవాన్ని మొదలుపెట్టింది ఆ దిశగానే.