సంక్రాంతి సెలవుల్లో ఒక ఉచ్చు

సంక్రాంతి సంచికకి ఏదైనా రాయమన్నారు. ముగ్గుల గురించీ, అరిసెల పాకం గురించీ నాకన్నా బాగా రాయగలవాళ్లు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నాకు మాత్రం సంక్రాంతి అనగానే మొదట గుర్తొచ్చేది సైకిలు బ్రేకు తీగ.

మాది నెల్లూరు జిల్లా, ఉదయగిరి తాలూకా. వెలిగొండల పక్కన ఎర్రనేలలు, తుమ్మ కంపలు, బావుల కింద కాస్త వేరుశనగ. 1976లో నేను ఏడో తరగతి. నా పక్కన కూర్చునేవాణ్ణి ఇక్కడ చెంచయ్య అంటాను, అసలు పేరు వేరు. యానాదుల పిల్లవాడు. వాళ్ల గుడిసెల్లోంచి మా బడికి వచ్చేది వాడొక్కడే. బడిలో నన్ను "ఒరే" అనేవాడు. మా వీధిలోకి వస్తే మాత్రం నేను "అబ్బయా" అయిపోయేవాణ్ణి. అందులో వింతేమీ నాకప్పుడు తోచలేదు.

సెలవులిచ్చిన రోజే మా ఒప్పందం కుదిరింది. వాడు చెవులపిల్లుల్ని పట్టడం నేర్పాలి, నేను లెక్కల పుస్తకం ఇవ్వాలి.

చెవులపిల్లి అంటే కుందేలే. మన పిల్లలు ఇక్కడ బోనుల్లో పెంచుకునే రకం కాదు. అది బొరియ తవ్వదు. పగలంతా పొద కింద చిన్న పల్లంలో ఒళ్లు ముడుచుకుని పడుకుంటుంది, పక్కనుంచి నడిచి వెళ్లినా కదలదు. పిల్లలు కూడా ఒంటినిండా బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయి. చీకటి పడ్డాక మేతకు బయల్దేరుతుంది. అలవాటు పడ్డ దారి వదలదు, కంపలో దూరే సందు కూడా అదే. చెంచయ్య ఆ సందుల దగ్గర కూర్చుని వేలితో గడ్డి తాకి చూసేవాడు. కొరికిన మొన తడిగా ఉంటే రాత్రి వచ్చినట్టు. పెంటికలు చిదిపి చూసి, వచ్చి ఎన్నాళ్లయిందో చెప్పేవాడు. నాకు అన్ని పెంటికలూ ఒకేలా కనపడేవి!

కట్టుతీగతో జారుముడి వేసి గూటానికి కట్టాలి. ఉచ్చు పిడికిలి కన్నా కొంచెం పెద్దది. దాని అడుగు నేలకి బెత్తెడు ఎత్తున ఉండాలి. తీగని ముందు వేపాకుతో రుద్దాలి, మనిషి వాసన పోవడానికి. ఇవన్నీ చెప్పి, అన్నిటికన్నా ముఖ్యమైంది చివర చెప్పాడు: తెల్లవారకముందే వచ్చి ప్రతి ఉచ్చూ విప్పేయాలి. "పొద్దెక్కితే పసరాలొస్తాయిరా" అన్నాడు.

మూడు రాత్రుల్లో రెండు దొరికాయి. ఒకటి వాళ్లింటికి, ఒకటి మా ఇంటికి. మా అమ్మ వంటింట్లోకి రానివ్వలేదు, దొడ్లో మూడు రాళ్లు పెట్టి వండింది. అడవి జంతువుల వేటని నియంత్రిస్తూ 1972లోనే చట్టం వచ్చిందన్న సంగతి మా ఊళ్లో ఎవరికీ పట్టలేదు.

పండుగ నాటి రాత్రి నాకు బుద్ధి పుట్టింది. చెంచయ్యకి చెప్పకుండా ఒక్కణ్ణే ఒకటి పట్టి చూపించాలని. కట్టుతీగ లేదు. అటక మీద నాన్న పెట్టెలో పాత బ్రేకు తీగ ఉంటే, పోగులు విప్పి పేని ఉచ్చు చేశాను. పెద్దదిగా చేశాను, కిందుగా కట్టాను. మర్నాడు కనుమ. పిండివంటలు తిని పడుకున్నవాణ్ణి పొద్దెక్కాక గానీ లేవలేదు.

కనుమ నాడు జీవాల్ని త్వరగా తోలతారు కదా. ఊళ్లో ఒక పెద్దరైతు మేకపిల్ల మెడ అందులో చిక్కింది. నేను పరుగెత్తి వెళ్లేసరికి జనం మూగి ఉన్నారు. తల్లిమేక అరుస్తూ తిరుగుతోంది.

ఉచ్చు ఎవరిదని ఎవరూ అడగలేదు. ఉచ్చంటే యానాదులదే. యానాదివాళ్లకి సైకిలు తీగ ఎక్కడిదని ఒక్కరూ అనలేదు. అప్పటికి వాళ్ల గుడిసెల్లో సైకిలే లేదు! చెంచయ్య నాన్నని పిలిపించారు, రెండు దెబ్బలు వేశారు. రెండు నెలలు నిమ్మతోటకి కూలి లేకుండా కాపలా ఉండాలన్నారు. ఆయన తల వంచుకుని "సరే సామీ" అన్నాడు. చెంచయ్య నా వైపు చూడలేదు. ఆ తీగ వైపే చూస్తున్నాడు.

నేను నోరు తెరవలేదు. మా నాన్న కూడా ఆ గుంపులోనే ఉన్నారు. సాయంత్రం ఆయన అటక ఎక్కి, పెట్టె తీసి చూసి, మూసి దిగారు. ఆయనా ఏమీ అనలేదు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నాం.

సెలవులయ్యాక చెంచయ్య బడికి రాలేదు. నాన్న పగలు కూలికి పోతే, తోట కాపలా వాడికి పడింది. రెండు నెలలయ్యాక కూడా రాలేదు. లెక్కల పుస్తకం నేనివ్వలేదు.

నలభై ఏళ్లు దీన్ని ఎవరికీ చెప్పకుండా గడిపాను. 2017 జనవరిలో, నేనుంటున్న ఈ ఫ్లోరిడాలోనే, టీవీలో ఒక వార్త వచ్చింది. ఇక్కడి చిత్తడి నేలల్లో పెరిగిపోయిన బర్మా కొండచిలువల్ని పట్టడానికి తమిళనాడు నుంచి ఇద్దరు ఇరుళర్లని పిలిపించారని. మాసి సదయన్, వడివేల్ గోపాల్. రెండు వారాలు తిరక్కుండానే 13 పాముల్ని పట్టారు. వాళ్లూ మన యానాదుల్లాగే జాడ చదివి బతికినవాళ్లు. గడ్డి ఒరిగిన తీరు చూసి పాము ఎటు పోయిందో చెబుతుంటే, యూనివర్సిటీవాళ్లు వెనక నడిచారు. 2023లో ఆ ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. టీవీలో వాళ్లు వంగి నేల చూస్తుంటే నాకు చెంచయ్య వేలు కనిపించింది. మా ఆవిడ ఏమైందని అడిగితే, అప్పుడు మొదటిసారి చెప్పాను.

2019లో ఊరెళ్లినప్పుడు వెతుక్కుంటూ పోయాను. కాలనీలో పక్కా ఇల్లు, ముందు వేపచెట్టు. చెంచయ్య నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. మనవరాలు డిగ్రీ చదువుతోందట. టీ తాగాక, ఎలా మొదలెట్టాలో తెలియక, "ఆ కనుమ నాటి ఉచ్చు నాది" అని ఒక్కసారే అనేశాను.

"తెలుసు" అన్నాడు. "చూడగానే తెలిసింది. ముడి బాగానే వేశావు, నేను చెప్పినట్టే. ఎత్తే తప్పింది."

కాసేపాగి, "టీ ఇంకొంచెం పోయించనా, అబ్బయా?" అన్నాడు.

చుట్టుపక్కల మేమిద్దరం తప్ప ఎవరూ లేరు.