పాత కారులో ఏసీ గాలి ఆగినప్పుడు

మందమర్రి ప్రాంతమున వేసవి ఎండకు తోడు బొగ్గు ధూళియు కలదు. ఆ ధూళి కారు ఏసీలోని బ్లోయరు ఫ్యానుకు పట్టి మోటారుపై భారము పెంచును. గనిలో ప్రధాన ఫ్యాను నిలిచినచో కార్మికులను పైకి రప్పింతురు. కారులో బ్లోయరు నిలిచినచో ఏసీ చల్లదనము మన వద్దకు రానే రాదు.

వేసవిలో రోగులను మంచిర్యాలకు చేర్చు పాత కార్ల యజమానులకు పంచాయతీ సభ్యులు ఒక భేదము తెలుపవలెనని మేము కోరుచున్నాము. గాలి బాగుగా వీచుచు చల్లదనము లేనిచో గ్యాసును, కంప్రెసరును పరీక్షింపవలెను. అసలు గాలియే రానిచో గ్యాసు నింపించుట డబ్బు దండుగ.

మొదట ఫ్యూజును చూడవలెను. ఫ్యాను అత్యధిక వేగమున మాత్రమే తిరిగినచో దోషము సాధారణముగా మోటారుది కాదు, వేగము తగ్గించు రెసిస్టరుది. మోటారు గూడుపై మెల్లగా తట్టగా తిరిగినచో లోపలి కార్బను బ్రష్షులు అరిగినవని ఊహింపవచ్చును.

మోటారు మార్చుటకు ముందు బ్యాటరీ నెగటివు తీగ విప్పవలెను. పెక్కు కార్లలో ఈ మోటారు డాష్‌బోర్డు క్రింద, ఎడమవైపు ప్రయాణికుని పాదములకు పైగా ఉండును. ప్లగ్గు ఊడదీసి, స్క్రూలు విప్పి దింపవచ్చును. గ్యాసు గొట్టముల జోలికి పోనక్కరలేదు. గూటిలోని ఆకులు, మసి తుడిచి, ప్లగ్గు కరిగి నల్లబడెనేమో చూడవలెను.

పాడైన మోటారు అధిక విద్యుత్తును లాగును. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని పెద్ద ఫ్యూజును గాని, రాగితీగను గాని పెట్టరాదు. తీగలు కాలి కారే అంటుకొనవచ్చును. అట్లు చేయబోవు మెకానిక్కును అక్కడనే ఆపవలెను. క్రొత్త మోటారు బిగించిన పిదప అన్ని వేగములందును తిప్పి చూచి, ఆ తరువాతనే మూత మూయించవలెను.