శీతల దేశాల వెచ్చని గదులలో గినీ పందుల శ్వాస సంరక్షణ

దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతాలలో వేల సంవత్సరాల క్రితమే మచ్చికైన గినీ పందిని పెరూ, ఈక్వడార్, బొలీవియా దేశాలలో నేటికీ మాంసం కొరకు పెంచుతున్నారు. ఉత్తర అమెరికా, ఐరోపా దేశాలలో ఇది ఇంటిలోని పెంపుడు జంతువు. అనేక దేశాలలో ప్రయోగశాల జంతువు కూడా. శీతల దేశాలలో చలికాలం ప్రవేశించగానే పెంపకందారులు దీనిని చలి నుండి కాపాడుటకు కిటికీలు మూసి గదిని వెచ్చగా ఉంచుతారు. అయినప్పటికీ ఈ కాలంలో న్యుమోనియా కనిపిస్తూనే ఉంటుంది. ఇందుకు చలి ఒక్కటే కారణం కాదు. చలిని నివారించుటకు చేసిన ఏర్పాట్ల వలన గదిలోని గాలి చెడిపోవుట కూడా ఒక ముఖ్య కారణం.

శ్వాస వ్యవస్థ ప్రత్యేకత

గినీ పంది ప్రధానంగా ముక్కు ద్వారానే శ్వాసిస్తుంది. ముక్కు దిబ్బడ పడితే నోటితో గాలి పీల్చుకొని తేరుకొనే శక్తి దీనికి చాలా తక్కువ. ఆరోగ్యవంతమైన జంతువు నిమిషానికి సుమారు 40 నుండి 100 సార్లు శ్వాసిస్తుంది. ముక్కులోను, శ్వాసనాళంలోను ఉన్న శ్లేష్మ పొర ధూళిని, సూక్ష్మజీవులను పట్టి ఉంచగా, శైలికలు వాటిని వెలుపలికి నెట్టివేస్తాయి. శ్లేష్మం ఎండిపోయినా, శైలికలు దెబ్బతిన్నా ఈ రక్షణ సడలిపోతుంది. అప్పుడు బోర్డెటెల్లా బ్రాంకిసెప్టికా, స్ట్రెప్టోకోకస్ న్యుమోనియే వంటి బాక్టీరియా ఊపిరితిత్తులకు చేరుట సులభమవుతుంది.

వేడి గదిలో గాలి పొడిబారుట

చల్లని గాలి స్వల్పంగానే నీటి ఆవిరిని నిలుపుకోగలదు. 0 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా 5 గ్రాముల కంటే కొంచెం తక్కువ ఆవిరిని మాత్రమే నిలుపుకొంటుంది. 21 డిగ్రీల వద్ద ఈ సామర్థ్యం 18 గ్రాములు దాటుతుంది. కావున వెలుపలి గాలి పూర్తిగా తేమతో నిండి ఉన్నప్పటికీ, దానిని గదిలోనికి తెచ్చి 21 డిగ్రీలకు వేడిచేస్తే సాపేక్ష ఆర్ద్రత సుమారు 25 శాతానికి పడిపోతుంది. వెలుపల మైనస్ 10 డిగ్రీలు ఉంటే ఇది 10 నుండి 12 శాతానికి దిగజారుతుంది. హీటరు గాలిలోని నీటిని హరించదు. ఉన్న కొద్దిపాటి తేమ వేడెక్కిన గాలికి చాలకపోవుటయే పొడిదనానికి కారణం.

అమ్మోనియా సమస్య

మూత్రంలోని యూరియాను పరుపులోని బాక్టీరియా విచ్ఛిన్నం చేయగా అమ్మోనియా వెలువడుతుంది. వెచ్చదనం, తడి ఈ చర్యను వేగవంతం చేస్తాయి. జంతువు ముక్కు పరుపుకు అతి సమీపంలో ఉండుట వలన నిలబడి ఉన్న మనిషి కంటే అది ఎక్కువ గాఢతను పీల్చుతుంది. పైగా నిత్యం ఆ గదిలో మసలే వారికి వాసన అలవాటైపోతుంది. కావున వాసన లేదనిపించినంత మాత్రాన గాలి శుభ్రంగా ఉందని భావించరాదు. బయటి నుండి వచ్చిన వెంటనే పంజరం వద్ద వంగి పరీక్షించుట మేలు.

ఒక పరిష్కారం మరొక సమస్య కారాదు

వెచ్చదనం కొరకు గదిని మూసివేస్తే అమ్మోనియా పేరుకుపోతుంది. గాలి ధారాళంగా వచ్చుటకు కిటికీ తెరిస్తే లోనికి వచ్చిన చల్లని గాలి వేడెక్కి మరింత పొడిగా మారుతుంది. పొడిదనాన్ని తగ్గించుటకు తేమను మితిమీరి పెంచితే పరుపు తడిసి అమ్మోనియా, బూజు అధికమవుతాయి. అందువలన చర్యలను ఒక క్రమంలో చేపట్టవలెను. మొదట పరుపు శుభ్రత, తరువాత గాలి మార్పిడి, చివరగా తేమ సవరణ. మురికి పరుపు ఉన్న గదిలో తేమయంత్రం ఉపయోగిస్తే మేలు కంటే కీడే ఎక్కువ.

యాజమాన్య పద్ధతులు

1. గది ఉష్ణోగ్రతను 18 నుండి 23 డిగ్రీల మధ్య నిలకడగా ఉంచవలెను. గినీ పంది చలి కంటే అధిక వేడికే త్వరగా లొంగిపోతుంది. పంజరాన్ని హీటరు ప్రక్కన గాని, వేడిగాలి వచ్చే రంధ్రం ఎదుట గాని ఉంచరాదు.

2. తడిసిన పరుపును ప్రతిదినం తీసివేసి, వారానికి ఒకటి లేదా రెండు సార్లు మొత్తం మార్చవలెను. సెడార్, శుద్ధి చేయని పైన్ చెక్కల తురుములోని ఘాటైన ఆవిరులు శ్వాసమార్గానికి హానికరం. దుమ్ము లేని కాగితపు పరుపు శ్రేయస్కరం.

3. నాలుగు వైపులా గాజు ఉన్న తొట్టెలలో అమ్మోనియా నిలిచిపోతుంది. తీగల పంజరం మేలు.

4. జంతువుపై నేరుగా చల్లగాలి వీచకుండా, రోజుకు కొన్ని పర్యాయాలు కొద్ది నిమిషాల పాటు గది గాలిని మార్చవలెను.

5. హైగ్రోమీటరును పంజరం ఎత్తులో అమర్చి, ఆర్ద్రతను 40 నుండి 50 శాతం వద్ద ఉంచవలెను. కిటికీ అద్దాలపై నీరు చేరుతుంటే తేమ అధికమైనట్లు గ్రహించవలెను. తేమయంత్రపు నీటిని ప్రతిదినం మార్చి, తొట్టెను తరచుగా శుభ్రపరచవలెను.

6. ఎండుగడ్డిని వెలుపల దులిపిన తరువాతనే వేయవలెను. బూజు పట్టిన గడ్డిని వాడరాదు.

7. కుందేళ్ళు, కుక్కలు లక్షణాలు చూపకుండానే బోర్డెటెల్లా వాహకాలుగా ఉండవచ్చు. వాటితో కలిపి పెంచరాదు.

పోషణ

1907వ సంవత్సరంలో నార్వేకు చెందిన ఆక్సెల్ హోల్స్ట్, థియోడర్ ఫ్రోలిక్ అను శాస్త్రజ్ఞులు గినీ పందులలో స్కర్వీ వ్యాధిని కలిగించి చూపారు. మనిషి వలెనే ఈ జంతువు కూడా తన శరీరంలో విటమిన్ సి తయారుచేసుకోలేదు. లోపం ఏర్పడితే వ్యాధి నిరోధక శక్తి క్షీణిస్తుంది. పెద్ద జంతువుకు ప్రతి కిలో శరీర బరువుకు రోజుకు కనీసం 10 మిల్లీగ్రాములు, చూలుతో ఉన్నప్పుడు 30 మిల్లీగ్రాముల వరకు అవసరం. నిల్వ ఉంచిన దాణాలోను, త్రాగునీటిలోను ఈ విటమిన్ త్వరగా నశిస్తుంది. కావున క్యాప్సికం, కొత్తిమీర వంటి తాజా కూరగాయలను ప్రతిదినం ఇవ్వవలెను.

వ్యాధి లక్షణాలు

ముక్కు, కళ్ళ నుండి స్రావాలు, ముక్కు తుడుచుకొనుట వలన ముందుకాళ్ళ బొచ్చు అట్టకట్టుట, శ్వాసలో శబ్దం, డొక్కలు ఎగురవేయుట, మేత మానివేయుట ముఖ్య లక్షణాలు. వారానికి ఒకసారి బరువు తూచితే వ్యాధిని ముందుగానే పసిగట్టవచ్చు. మేత మానిన జంతువులో జీర్ణక్రియ స్తంభించి పరిస్థితి త్వరగా విషమిస్తుంది కనుక అదే దినం పశువైద్యుని సంప్రదించవలెను. ఇంటిలో ఉన్న యాంటీబయాటిక్ మందులను స్వంతంగా ఇవ్వరాదు. పెన్సిలిన్, అమాక్సిసిలిన్, లింకోమైసిన్ వంటివి నోటి ద్వారా ఇచ్చినప్పుడు ప్రేగులలోని మేలుచేసే సూక్ష్మజీవులు నశించి, క్లాస్ట్రీడియం విషం వలన ప్రాణాపాయం కలుగుతుంది.

ముగింపు

ఈ సూత్రాలు తెలుగు రాష్ట్రాల విస్తరణ శాస్త్రవేత్తలకు కొత్తవి కావు. శీతాకాలపు రాత్రులలో కోళ్ళ షెడ్ల పరదాలు పూర్తిగా దించినప్పుడు లిట్టరు నుండి వెలువడే అమ్మోనియా వలన కోడిపిల్లలలో శ్వాసకోశ వ్యాధులు పెరుగుట వారికి అనుభవమే. జంతువు వేరైనా గాలి ధర్మం ఒక్కటే. వెచ్చదనం ఇచ్చుటకు ముందు ఆ వెచ్చదనంలో జంతువు పీల్చే గాలి ఎటువంటిదో పరిశీలించుటయే సరియైన సంరక్షణకు పునాది.