ఊపిరి కష్టము – కంటికి కనబడు గుర్తులు

నిజామాబాదు జిల్లాలోని బోధన్ ప్రాంతము చెరకుసాగునకు పేరుపొందినది. అచటి శక్కర్‌నగర్‌లో 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. ఎక్కడనైనను చెరకురసము తీసిన పిదప మిగులు పిప్పిని తడిగా కుప్పవేసినచో అది వేడెక్కి బూజుపట్టును. అది ఎండిన తరువాత కదలించినపుడు లేచు ధూళి కొందరి ఊపిరితిత్తులకు ‘బగాసోసిస్’ అను వ్యాధిని కలిగించును. 1941లో అమెరికాలోని లూసియానా వైద్యులు దీనిని వర్ణించిరి. మన దేశములో 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టపు పట్టికలో తరువాత దీనిని వృత్తివ్యాధిగా చేర్చిరి. ధూళి సోకిన కొన్ని గంటలకు గాని దగ్గు, జ్వరము, ఆయాసము కనబడవు. కనుక దీనిని మామూలు జ్వరమని పొరపడుట సులభము.

కారణము పిప్పిధూళియైనను, ఉబ్బసమైనను, న్యుమోనియాయైనను ఊపిరి అందనపుడు శరీరము చూపు గుర్తులు ఇంచుమించు ఒకటే. అవి ఏల కలుగునో తెలిసినచో వానిని మరచిపోము.

మనము ఊపిరి పీల్చునపుడు రొమ్మునకు, పొట్టకు నడుమనున్న డయాఫ్రమ్ అను కండరము క్రిందికి దిగును; ప్రక్కటెముకలు పైకి లేచును. రొమ్ములోని చోటు పెరిగి, లోపలి ఒత్తిడి తగ్గును. అప్పుడు బయటి గాలి లోనికి వచ్చును. విశ్రాంతిగానున్న పెద్దవారు నిమిషమునకు 12 నుండి 20 సార్లు ఊపిరి పీల్తురు.

గాలిగొట్టములు ఇరుకైనపుడు శరీరము మొదట ఊపిరి వేగమును పెంచును. దీనిని గడియారము చూచి నిండు నిమిషము లెక్కింపవలెను. రెండు నెలలు నిండి ఏడాది లోపు శిశువులకు 50, ఒకటి నుండి ఐదేండ్లలోపు పిల్లలకు 40, లేక అంతకు మించి ఉన్నచో అది వేగమైన శ్వాసయని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము.

అదియు చాలనిచో మెడకండరములు కూడ పనికి దిగును. లోపలి ఒత్తిడి మరింత తగ్గుటచే కంఠము క్రింది గుంట, ప్రక్కటెముకల నడిమి చోట్లు లోనికి గుంజుకొనును. ముక్కుపుటములు విప్పారును. పసిపిల్లల రొమ్ము మెత్తనిది గనుక వారిలో ఇది మరింత స్పష్టము; దీనినే జనులు ‘డొక్కలెగరేయుట’ అందురు. పెద్దవారు పడుకొనలేక, చేతులు మోకాళ్లపై ఆనించి ముందుకు వంగి కూర్చుందురు. చేతులకు ఊత దొరికినచో భుజకండరములు ప్రక్కటెముకలను ఎత్తుటకు తోడ్పడును.

రెండుమూడు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకొనువాడు ఆపదలో ఉన్నాడన్నమాట. నాలుక, పెదవులు నీలమగుట రక్తములో ఆమ్లజని మిక్కిలి తగ్గినదనుటకు గుర్తు. కాని ఆ రంగు కొరకు వేచియుండరాదు. రక్తహీనత గలవారిలో అది కనబడకపోవచ్చును. ఉబ్బసరోగి మగతగా ఉండి పిల్లికూతలు ఆగిపోయినచో నయమైనదని భ్రమపడరాదు. శబ్దము పుట్టుటకు చాలినంత గాలియైనను కదలుట లేదని దాని అర్థము.

ఇట్టి రోగిని బలవంతముగా పరుండబెట్టరాదు. కూర్చుండనిచ్చి, బిగుతుబట్టలు వదులుచేసి, పొగకు దుమ్ముకు దూరముగా ఉంచి, వెంటనే 108కి ఫోను చేయవలెను.

ఉపాధ్యాయులు తరగతిలో ఈ లెక్కింపును అభ్యాసము చేయింపవచ్చును. ఒక జాగ్రత్త అవసరము: తన ఊపిరిని లెక్కించుచున్నారని తెలిసినవాడు తెలియకయే దాని వేగము మార్చును. కనుక నాడి చూచుచున్నట్లు మణికట్టు పట్టుకొని, కన్ను మాత్రము రొమ్ముపై ఉంచవలెను.